మొదటి పోగు మొగిలమ్మది

నేను అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంగతి ముందు చెప్పి మిగతాది చెబుతాను. ఇది చదివే కూలీలు, కాలేజీ పిల్లలు నన్ను మెచ్చుకోవలసిన పని లేదు. జరిగింది తెలుసుకుంటే చాలు.

నా పేరు ఎల్లస్వామి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లెలో పుట్టాను. అక్కడి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. పెళ్లయ్యాక వరంగల్ వచ్చి కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులు వేసే పనిలో కుదిరాను. నా భార్య మొగిలమ్మ నేసేది. మొన్న ఆగస్టులో, పట్టపగలు మూడు గంటలకు, మా సేటు కిషన్ రావు షెడ్డులో, మగ్గం గుంటలో చనిపోయింది.

గుంట అంటే తెలియని వాళ్లుంటారు. జంపఖానా మగ్గం నేలకు దగ్గరగా ఉంటుంది. నేసేవాళ్లు చెక్క మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేస్తారు. మోకాలి లోతు ఉంటుంది. పెద్ద మగ్గం కింద ఇలాంటి గుంటలు వరసగా ఉంటాయి, ఇద్దరికి ఒకటి. వాన పడితే షెడ్డులోకి వచ్చే నీళ్లు ముందు ఆ గుంటల్లోకే దిగుతాయి.

ఆ రోజు పొద్దుటి నుంచి వాన. మధ్యాహ్నానికి వీధి కాలువ పొంగి లోపలికి వచ్చింది. సూపర్‌వైజర్ రమాకాంత్ ఒక మోటరు తెప్పించి నీళ్లు తోడించడం మొదలుపెట్టాడు. దాని వైరుకు మూడు చోట్ల అతుకులు. అతుకుల మీద చుట్టిన టేపు ఊడి నీళ్లలో తేలుతోంది. మొగిలమ్మ గుంటలోనే పక్కన కూర్చుని నేసే పిల్ల యమున. ఆ పిల్ల ఉన్నట్టుండి కాళ్లు పైకి లాక్కుంది.

"సార్, నీళ్లల్ల కరెంటొస్తాంది. కాళ్లు జుమ్మంటానయ్."

"పొద్దటి సంది కూసున్నవ్. తిమ్మిరెక్కినయ్. నెయ్యి," అన్నాడు రమాకాంత్.

"తిమ్మిరి నాకు తెల్వదా సార్? నీ కాలు ఒక్కపారి పెట్టి చూడరాదు."

"లేసినోళ్లు లేసినట్టే ఇంటికి పోవాలె. మళ్ల గేటు కాడ కనబడొద్దు. ఈ జంపఖానా ఇచ్చెటందుకు ఇంక ఇరవై దినాలే ఉన్నయ్. సేటుకు ఎవలు జవాబు చెప్పాలె, మీ అయ్యనా?"

ఆ మాట అని అతను ఆఫీసు గదికి తాళం వేసుకుని చాయ్ తాగడానికి పోయాడు. మెయిన్ స్విచ్ ఆ గదిలోనే ఉంది.

నేను పని చేసే రంగుల తొట్లు షెడ్డు చివర ఉంటాయి. ప్రతి మాటా నాకు వినబడింది. నేను ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. యమున చెక్క మీద మఠం వేసుకుని నేయడం మొదలుపెట్టింది. మొగిలమ్మకు మోకాళ్ల నొప్పులు. మఠం వేసుకోలేదు. అందుకని కాళ్లు నీళ్లలోనే ఉంచింది.

పది నిమిషాలు కాలేదు. యమున కేక విని పరుగెత్తాను. మొగిలమ్మ మగ్గం మీదికి వాలి ఉంది. ఆమె చేతిలో పంజా ఉంది, అది పోగులను కిందికి కొట్టే ఇనుప దువ్వెన. దాన్ని వదల్లేదు. ఒళ్లంతా కదులుతోంది, కానీ ఆ కదలిక ఆమెది కాదు. నేను గుంటలోకి దూకబోయాను. ముసలి నేతగాడు యాకయ్య వెనక నుంచి నా నడుం పట్టుకుని కింద పడేశాడు.

"ముట్టకు తమ్మీ! ముట్టకు!"

నన్ను బతికించినందుకు అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మగ్గం పనిముట్లు సరిచేసే హరికృష్ణ సుత్తితో ఆఫీసు తాళం పగలగొట్టి స్విచ్ తీసేసరికి అంతా అయిపోయింది.

ఆటోలో వేసుకుని బయలుదేరాం. దవాఖాన మలుపు దగ్గర కిషన్ రావు కారు మాకు అడ్డంగా వచ్చి ఆగింది. ఆయన దిగి, ఆటోలోకి తొంగి చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పానం లేదు ఎల్లస్వామీ. లోపలికి తీస్కపోతె ఏం చేస్తరు? పోస్టుమార్టం అంటరు. మెడ కాడి సంది బొడ్డు దాక కోస్తరు. నలుగురు మొగోళ్ల ముంగట బల్ల మీద పండవెడ్తరు. ముప్పై ఏండ్లు నీతోని సంసారం చేసిన మనిషిని గట్ల చేపిస్తవా?"

నేను ఆటోలో ఆమె తలను పట్టుకుని ఉన్నాను. ఆమె జుట్టులోంచి నీళ్లు నా లుంగీ మీదికి కారుతున్నాయి.

"ఇంట్ల ఛాతీల నొప్పొచ్చి పోయిందని రాద్దాం. మర్యాదగ సాగనంపుదాం. నేనున్న గద."

కారు బానెట్ మీద కాగితం పెట్టాడు. ఆ కాగితం అప్పటికే రాసి ఉంది. ఎప్పుడు రాశారో, ఎవరు రాశారో నేను అడగలేదు. చదవను కూడా లేదు. నాకు చదువు వచ్చు. సంతకం పెట్టాను. ఆటో వెనక్కి తిరిగింది.

*

ఆ జంపఖానా గురించి చెప్పాలి.

హన్మకొండలో ఒక స్మారక భవనం కడుతున్నారు. వెనకటి రోజుల్లో ఊళ్ల జనం దొరల గడీల మీద తిరగబడ్డారే, ఆ పోరాటానికి గుర్తుగా. లోపల పెద్ద గోడకు వేలాడదీయడానికి ఒక జంపఖానా కావాలన్నారు. కిషన్ రావు ఆ పని పట్టాడు. నమూనా బొమ్మ పట్నం నుంచి వచ్చింది. ముందు తుపాకీ పట్టుకున్న నాయకుడు. ఆయనకు ముక్కు, కళ్లు, మీసం, నుదుటి మీద గీతలు అన్నీ ఉన్నాయి. వెనక కర్రలు, వడిసెలలు పట్టుకున్న జనం. వాళ్లకు మొహాలు లేవు. తల ఉండాల్సిన చోట నల్ల ముద్ద.

నాయకుడి మొహం నేయడానికి ఇద్దరు పనివాళ్లను వేరే కూర్చోబెట్టారు. జనం మొగిలమ్మ వంతుకు వచ్చారు.

మా ఊళ్లో కూడా ఒక స్తూపం ఉంది. దాని మీద రెండు పేర్లు చెక్కారు. కింద 'మరి పదకొండు మంది' అని ఉంది. ఆ పదకొండు మందిలో మా తాత ఒకడు. బడికి పోతూ వస్తూ రోజూ ఆ రాయి పక్కనుంచే నడిచేవాణ్ని. బళ్లో ఆ పోరాటం పాఠం చెప్పినప్పుడు సారు ఆ రెండు పేర్లే బోర్డు మీద రాశాడు. మా తాత పేరు చెబుదామని చెయ్యెత్తాను. పరీక్షల రాదు, కూసో అన్నాడు.

ఈ సంగతి మొగిలమ్మకు పెళ్లయిన కొత్తలో చెప్పాను. ఆమె మరచిపోలేదు. జనం బొమ్మ మొదలుపెట్టిన వారం రోజులకు, అన్నం తింటూ అడిగింది.

"ఏమయ్యా, మీ తాతకు మీసం ఉండెనా?"

"నేను పుట్టకముందే పాయె. నాకేం ఎరుక?"

"రుమాలు గట్టేటోడా?"

"మా నాయిన గట్టేటోడు. ఆయన గూడ గట్టే ఉంటడు."

మర్నాడు మూడో వరసలో ఒక నల్ల ముద్దకు బదులు గోధుమ రంగు నూలుతో ఒక మొహం నేసింది. పైన తెల్ల రుమాలు. మీసం పెట్టలేదు. తెలియనిది పెట్టవద్దనుకుందేమో. రెండు రోజులు ఎవరూ గమనించలేదు. మూడో రోజు రమాకాంత్ చూసి అక్కడికక్కడ విప్పించాడు. "డిజైన్ల జనం నల్లగున్నరు. నల్లగనే ఉండాలె. నువ్వేమన్న ఆర్టిస్టువా?" అన్నాడు. ఆమె పోగు పోగూ లాగేసింది. ఆ గోధుమ రంగు నూలు ఇంటికి తెచ్చి సందూక పెట్టెలో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

*

మా మగ్గాల దగ్గర ఒక పద్ధతి ఉంది. పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించి మొదటి అడ్డపోగు ఎవరు వేస్తారో, బట్ట దింపేటప్పుడు వాళ్లే కత్తెర పెట్టాలి. ఆ మనిషి పని మధ్యలో చనిపోతే, ఇంటివాళ్లు కత్తెర పట్టుకుని మగ్గం దగ్గర నిలబడాలి. మొదటి పోగు ఎవరిదో, ఆ మనిషి ఎట్లా పోయిందో పైకి చెప్పాలి. ఆ మగ్గం మీద పని చేసిన వాళ్లందరూ "చూసినం" అనాలి. అప్పుడే కోత. అందరూ చూసినం అనకపోతే కత్తెర వేయరు. అబద్ధానికి చూసినం అంటే చేతులు పడిపోతాయని ముసలివాళ్లు అంటారు.

ఈ పద్ధతి గురించి యాకయ్య చాలా రోజుల కిందట ఒక పిల్లకు చెప్పాడు. ఆ పిల్ల పేరు శ్రావణి. కాలేజీలో చరిత్ర చదివి, ఆ భవనంలో పెట్టే బోర్డులకు మాటలు రాసే పనిలో ఉంది. ఫోన్లో వీడియో తీసుకుని పై అధికారికి చూపించింది. ఆయనకు బాగా నచ్చింది. కోత టీవీలో రావాలన్నాడు.

మొగిలమ్మ పదకొండో దినాన ఇంటి ముందు టెంటు కింద అన్నాలు పెడుతున్నాం. కిషన్ రావు, రమాకాంత్, వాళ్ల వెనకాల శ్రావణి వచ్చారు. కిషన్ రావు ఫొటోకు దండ వేసి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"ఆదివారం కోత ప్రోగ్రాం పెట్టిన ఎల్లస్వామీ. పెద్ద సార్లు వస్తాన్రు, టీవోళ్లు వస్తాన్రు. మిగిలిన నేత ఈ నాలుగు దినాలల్ల అయిపోతది. కత్తెర నీ చేతుల మీదుగనే."

"నేనేం చెప్పాలె సేటూ?"

"ఏమున్నది? మొదటి పోగు మొగిలమ్మది, గుండెనొప్పొచ్చి ఇంట్ల పాయె, ఆఖరిదాక మగ్గం మగ్గం అన్నది, గంతే. మీవోళ్లు చూసినం అంటరు. చప్పట్లు గొడ్తరు. కోస్తం."

ఆయన వ్యాపారస్తుల ఇంట పుట్టాడు. మా పద్ధతి ఆయనకు పండగ పూట వేసే ముగ్గులాంటిది. అది ఏం అడుగుతుందో ఆయనకు తెలియదు.

నేను తల ఊపాను. శ్రావణి చేతిలో కాగితాలు ఉన్నాయి. బోర్డు మీద ఏం రాస్తారమ్మా అని అడిగాను. చదివింది: "ఈ కళాఖండాన్ని శ్రీ కిషన్ రావు గారి సారథ్యంలో కొత్తవాడ నేతన్నలు తొంభై రోజుల్లో నేశారు."

"నేతన్నలంటె ఎవలు?"

ఆ పిల్ల తల దించుకుంది. "పేర్లకు జాగ లేదన్నరు అంకుల్."

*

వాళ్లు వెళ్లిపోయాక ఎవరూ విస్తర్ల ముందు నుంచి లేవలేదు. షెడ్డులో పని చేసేవాళ్లం ఇరవై రెండు మందిమి. అందరూ అక్కడే ఉన్నారు.

ముందు యాకయ్య గొణిగాడు. "చూసినం అనాలెనట. ఏం చూసినం మనం? ఇంట్ల గుండెనొప్పి ఎవడు చూసిండు? నలభై ఏండ్ల సంది మగ్గం కాడ ఆ మాట అంటాన. ఒక్కపారి అబద్ధం అనలె."

"అనకుంటె పోలీసు జీపెక్కుతవ్ కాకా," అన్నాడు హరికృష్ణ.

"అదేరా నా బాధ. అంటె చేతులు పడిపోతయని భయం. అనకుంటె వీపు పగుల్తదని భయం. ఏ భయం పెద్దదో చెప్పు, దానికే మొక్కుత."

ఎవరో నవ్వారు. యమున నవ్వలేదు.

"ఉన్నదే చెప్తె ఏమైతది? నీళ్లల్ల కరెంటొస్తాందని నేను చెప్పిన. వాడు లేవనియ్యలె. మొగిలమ్మ చిన్నమ్మ చచ్చిపోయింది. మీరందరు చూసిన్రు. గంతే గద?"

"నేను చూడలె," అన్నాడు హరికృష్ణ. "నేను బాత్రూంల ఉన్న."

అందరం అతని వైపు చూశాం. తాళం పగలగొట్టినప్పుడు చీలిన అతని బొటనవేలికి ఇంకా కట్టు ఉంది. అతను ఆ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు ఇద్దరు ఆడపిల్లలు యమునా. ఈ షెడ్డు బందయితె నన్ను ఎవడు పెట్టుకుంటడు? వరంగల్ అంత సేటు దోస్తులే. నువ్వు లగ్గమై పోతవ్. నేనేడికి పోవాలె?"

"చిన్నమ్మ జాగల నేనుందును. నేను కాళ్లు మీదికి తీసుకున్న. గంతే తేడా."

"నువ్వు బతికినవ్ గద. ఇంక ఊకో."

ఆ మాటకు ఇద్దరు ఆడవాళ్లు హరికృష్ణను తిట్టారు. అతను వాళ్లను తిట్టాడు. పోలీసు, కేసు, కరెంటోళ్లు, యూనియన్ అంటూ అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆ సందడిలో యమున నా ముందుకు వచ్చి కూర్చుంది.

"కాకా, సంతకం ఎందుకు పెట్టినవ్?"

"ఆమెను కోస్తరని."

"ఆమె కాలి బూడిదాయె. ఇంక ఎవలను కోస్తరని భయపడ్తానవ్?"

"నన్ను," అన్నాను.

అందరికీ వినబడింది. ఎవరూ తప్పు పట్టలేదు. వాళ్లందరూ తమ గురించి అదే అనుకుంటున్నారు. ఏమీ తేలకుండానే లేచి చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఒక్కరు కూడా నాకు మాట ఇవ్వలేదు. నేనూ ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు భయం నాతో ఇంట్లో కాపురం చేసింది. సందులో బండి ఆగిన చప్పుడు అయితే లేచి తలుపు గడియ వేసేవాణ్ని. ఫోన్ మోగితే ఎత్తేవాణ్ని కాదు. శుక్రవారం పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంటే రమాకాంత్ బండి ఆపాడు. ఇంజన్ బంద్ చేయలేదు.

"ఆడోళ్లు ఏదో గుసగుసలు వెట్టుకుంటాన్రట. నీకు ఒక మాట చెప్పిపోదామని వచ్చిన. నువ్వు పెట్టిన కాగితం సేటు బీరువల ఉన్నది. ఇంట్ల పోయిందని నువ్వే రాసిచ్చినవ్. రేపు కాదు అన్నవనుకో, మరి ఎట్ల పోయింది, నువ్వేం చేసినవ్, ఎందుకు దాసిపెట్టినవ్ అని ముందుగల్ల నిన్నే అడుగుతరు. పెండ్లాం చచ్చినంక జైలుకు పోతవా, చెప్పు?"

నల్లా నీళ్లు బిందె నిండి పొర్లుతున్నాయి.

"సోంచాయించుకో," అని వెళ్లిపోయాడు.

అతను చెప్పింది నిజమే. అందుకే ఎక్కువ భయం వేసింది. ఆ రెండు రోజులూ కిషన్ రావు నేర్పిన మాటలు అద్దం ముందు నిలబడి వల్లించాను. మొదటి పోగు మొగిలమ్మది. గుండెనొప్పితో ఇంట్లో పోయింది. బాగానే వచ్చాయి.

*

ఆదివారం పదకొండు గంటలకు షెడ్డు ముందు షామియానా. నేల కడిగి సున్నం చల్లారు. మోటరు కనబడలేదు. అతుకుల వైరు కనబడలేదు. గుంటల మీద కొత్త చెక్కలు పరిచి పైన బంతిపూలు పోశారు. కొత్తగా వచ్చిన మనిషికి అక్కడ గుంటలు ఉన్నాయని కూడా తెలియదు.

పెద్ద అధికారి వచ్చాడు. సీఐ వచ్చాడు. కెమెరాలు వచ్చాయి. మగ్గం మీద జంపఖానా పూర్తయింది. నాయకుడు మమ్మల్ని చూస్తున్నాడు. ఆయన వెనక నల్ల తలల జనం. అధికారి దాన్ని చూసి ప్రసంగం చేశాడు. ప్రజలే చరిత్ర నిర్మాతలన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. కిషన్ రావు పేరు మాత్రం రెండుసార్లు చెప్పాడు.

నన్ను పిలిచారు.

మొగిలమ్మ కత్తెర గుడ్డలో చుట్టి తెచ్చాను. విప్పి చేతిలో పట్టుకున్నాను. మగ్గం పక్కన ఇరవై ఒక్క మంది వరసగా నిలబడ్డారు. యమున నన్నే చూస్తోంది. మిగతా వాళ్లు నేలను చూస్తున్నారు. కిషన్ రావు మైకు నా మూతి దగ్గర పెట్టాడు.

"మొదటి పోగు మొగిలమ్మది," అన్నాను.

అక్కడికి సరిగానే వచ్చింది. తర్వాతి మాట గొంతులో ఉంది. అప్పుడు నా కాలి కింద చెక్క కదిలింది. అది ఆమె గుంట. పూల కింద నుంచి తడి మట్టి వాసన వచ్చింది. ధైర్యం వచ్చిందని చెప్పను. రాలేదు. ఆ గుంట మీద నిలబడి అబద్ధం చెప్పడానికి జైలుకు మించిన భయం వేసింది.

"ఇంట్ల పోలె. ఈ చెక్క కింద గుంట ఉన్నది. ఆ గుంటల్నే పోయింది. నీళ్లు నిండినయ్, కరెంటొచ్చింది. యమున చెప్పింది. లేస్తె పనికి రావద్దన్నరు. స్విచ్ గదికి తాళమేసి పోయిన్రు. ఇంట్ల పోయిందని నేను రాసిచ్చిన కాగితం అబద్ధం. నేను భయపడి సంతకం పెట్టిన."

మైకు కిషన్ రావు చేతిలో కిందికి జారింది. నేను వరస వైపు తిరిగి గట్టిగా అడిగాను.

"చూసిన్రా?"

ఎవరూ పలకలేదు.

ఫ్యాన్ల చప్పుడు వినబడుతోంది. సీఐ కుర్చీలోంచి లేచాడు. అయిపోయింది, ఒక్కణ్నే మిగిలాను అనుకున్నాను.

"చూసిన," అంది యమున.

తర్వాత యాకయ్య. "చూసిన. వీన్ని నేనే పట్టి ఆపిన. లేకుంటె ఇద్దరు పోదురు." తర్వాత ఆడవాళ్లు, ఒకరి మీద ఒకరు పడ్డట్టు. "చూసినం. చూసినం."

చివరికి హరికృష్ణ మిగిలాడు. రమాకాంత్ అతని పక్కనే నిలబడి మోచెయ్యి పట్టుకున్నాడు. హరికృష్ణ తన కట్టు ఉన్న వేలును చూసుకున్నాడు. "చూసిన," అన్నాడు. "తాళం పలగ్గొట్టింది నేనే. సుత్తి ఇంక మా ఇంట్లనే ఉన్నది." అని ఏడ్చాడు.

అధికారి కెమెరాలు ఆపమన్నాడు. కిషన్ రావు మొహం తెల్లబడింది. "కోయిరా, కోసి బండ్ల ఎయ్యి," అని రమాకాంత్ మీద అరిచాడు. రమాకాంత్ జేబులోంచి బ్లేడు తీసి మగ్గం వైపు వచ్చాడు.

"కత్తెర వెట్టాలంటె కాకనే వెట్టాలె. చూసినం అన్నది నువ్వు కోసెటందుకు కాదు," అని యమున ముందుకు దూకి, పూలు కాళ్లతో తోసి, చెక్క పక్కకు లాగేసింది. గుంట బయటపడింది. అడుగున ఇంకా బురద నీళ్లు ఉన్నాయి. ఆ పిల్ల మొగిలమ్మ చోట కూర్చుని కాళ్లు ఆ నీళ్లలో పెట్టింది. తర్వాత యాకయ్య ఇంకో చెక్క తీశాడు. ఒక్కొక్కరూ తమ తమ గుంటల్లో కూర్చున్నారు. నేయని వాళ్లం మగ్గం చుట్టూ నేల మీద కూర్చున్నాం. బ్లేడు పట్టుకున్న మనిషికి పడుగు దగ్గరికి దారి లేకుండా పోయింది.

ఎవరూ నినాదం ఇవ్వలేదు. వణుకుతూనే కూర్చున్నాం.

పోలీసులు గుంటల్లోంచి ఒక్కొక్కరినీ రెక్క పట్టి లేపడానికి గంట పట్టింది. అప్పటికి వాడ అంతా గేటు దగ్గర ఉంది. పక్క షెడ్ల వాళ్లు పని ఆపి వచ్చారు. అంతమంది చూస్తుండగా జంపఖానా మీద బ్లేడు వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇది రాసే రోజుకు కూడా అది మగ్గం మీదే ఉంది.

*

ఠాణాలో మమ్మల్ని బెంచీల మీద, నేల మీద కూర్చోబెట్టారు. కార్యక్రమానికి అడ్డం వచ్చామని కిషన్ రావు ఫిర్యాదు ఇచ్చాడు. రైటరు పెద్ద పుస్తకం తీసి రాస్తూ పైకి చదివాడు.

"ఎల్లస్వామి మరియు ఇతరులు..."

నాకు మా ఊరి స్తూపం గుర్తుకు వచ్చింది. నేను నోరు తెరిచే లోపల యాకయ్య లేచాడు.

"ఇతరులంటె ఎవలు సారూ?"

"మీరే."

"మాకు పేర్లున్నయ్."

రైటరు కలం ఆపాడు. చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి చెప్పాడు. "ముసలోడా, పేరు రాస్తె కేసు నీ మీద పడ్తది. కోర్టు చుట్టు తిరగాలె. ఇతరులల్ల ఉంటె పొద్దుగూకె వరకు ఇంటికి పోతవ్. నీ మంచికే చెప్తాన."

అది నిజమని అందరికీ తెలుసు. నేను యాకయ్య చేతులు చూశాను. నలభై ఏళ్లు నేసిన చేతులు. వాటిని చొక్కాకు తుడుచుకున్నాడు.

"రాయి సారూ. యాకయ్య. జర సక్కగ రాయి. రేషన్ కార్డుల అయిలయ్య అని రాసిన్రు. ఏడేండ్ల సంది అయిలయ్య బియ్యం తింటాన. ఈడనన్న నన్ను నేనుగ ఉండనియ్యి."

కొంతమంది నవ్వారు. యమున తన పేరు చెప్పింది. హరికృష్ణ పేరు చెప్పి, తన ఇద్దరు బిడ్డల పేర్లు కూడా చెప్పబోతే రైటరు విసుక్కున్నాడు. ఆడవాళ్లు తమ పేర్లు చెప్పారు. ఒకామె, అందరూ నన్ను పిల్ల తల్లి అనే పిలుస్తరు, నా పేరు నేనే మరిచిపోయిన, ఆగు యాది చేసుకుంట అంది. అయిదు నిమిషాలు ఆలోచించి చెప్పింది. రైటరు రాశాడు.

"ఇంకెవరన్నా ఉన్నరా?" అని అడిగాడు.

"మొగిలమ్మ," అన్నాను.

"ఆమె చచ్చిపోయింది గద?"

"ఎట్ల చచ్చిపోయిందో గూడ రాయుండ్రి. మా మీద రాసిన్రు. మాది గూడ రాయుండ్రి. మేం రాయించకుండ పోం."

అతను లోపలికి పోయి సీఐతో మాట్లాడి వచ్చాడు. గేటు బయట వాడ జనం ఇంకా పెరిగిన చప్పుడు లోపలికి వినబడుతోంది. ఎంతసేపటికో ఇంకో కాగితం తీశాడు. నేను చెప్పింది రాశాడు. యమున చెప్పింది రాశాడు. నా ముందుకు తోసి, సంతకం పెట్టమన్నాడు.

కలం పట్టుకున్నాను. నా మీద ఏ కేసు పెడతారో, ఎన్నేళ్లో నాకు తెలియదు. భయం పోలేదు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా ఉంది.

"చదువుండ్రి సార్," అన్నాను.

"ఎందుకు? నువ్వు చెప్పిందే గద."

"పోయినసారి చదువకుండ పెట్టిన."

అతను చదవడం మొదలుపెట్టాడు. తేదీ, సమయం, షెడ్డు, గుంట, నీళ్లు, వైరు. మొగిలమ్మ, భర్త ఎల్లస్వామి, వయసు నలభై ఎనిమిది, కరెంటు తగిలి చనిపోయింది అన్న చోటుకు వచ్చాడు. ఆగమన్నాను. మళ్లీ చదవమన్నాను. అతను మళ్లీ చదివాడు.

నా వెనక, నేల మీది నుంచీ బెంచీల మీది నుంచీ, ఇరవై ఒక్క మంది అన్నారు.

"చూసినం."